ఆఫీసు పని మీద వెళ్ళిన ఊళ్ళో పాత బార్లు చూడాలంటే

వచ్చే నెల మూడు వారాల పని మీద లండన్, అక్కణ్ణుంచి వియన్నా, చివర సింగపూర్ వెళ్తున్నానని రాశారు. ఆ ఊళ్ళలో పేరున్న పాత బార్లు చూడాలని ఎన్నాళ్ళుగానో కోరిక అన్నారు. రెండు మూడు రోజులు ఎక్కువ ఉంటానంటే ఆఫీసులో "తాగడానికి ఉండిపోతున్నాడు" అనుకుంటారేమోనని మీ భయం. ఒక్కణ్ణే వెళ్ళి బార్లో కూర్చుని ఏం చేయాలని కూడా అడిగారు. కర్మాగారాల్లో యంత్రాలు బిగించి, నడిపి చూపించి, అప్పగించి వచ్చే ఉద్యోగం నాది. పంతొమ్మిదేళ్ళుగా ఏడాదికి నాలుగైదు ప్రయాణాలు తప్పడం లేదు. పాత బార్ల మీద ఇష్టం మీలాగే నాకూ ఉంది కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు ఆ భయం సంగతి. అడగండి, దాచకండి. ఉండిపోవడానికి కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు. "పని ఫలానా తేదీతో అయిపోతుంది, ఆ తర్వాత మూడు రోజులు సెలవు పెడుతున్నాను, ఆ మూడు రోజుల గది, తిండి, తిరుగుడు నా సొంత ఖర్చు, ఫలానా తేదీన తిరుగు విమానం" అని మేనేజరుకి నాలుగు ముక్కలు మెయిల్లో రాస్తే చాలు. నోటిమాటగా అడిగి నోటిమాటగా ఒప్పుకున్నవి ఖర్చుల లెక్క చూసేవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ గుర్తుండవు. నేను చూసినంతలో మేనేజర్లకు సెలవు గురించి పెద్ద పట్టింపు ఉండదు. తమకు తెలియకుండా జరిగిందే అన్నదాని మీదే ఉంటుంది.

టికెట్టు విషయంలో ఒక పని తప్పకుండా చేయండి. బుక్ చేసే రోజునే, పని అయిన మర్నాడు తిరిగొస్తే ఛార్జీ ఎంతో, మీకు కావలసిన తేదీకి వస్తే ఎంతో రెండూ చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఎక్కువైతే ఆ తేడా మీరు కట్టండి. కొన్నిసార్లు తక్కువే అవుతుంది. శుక్రవారం రాత్రి అందరూ ఇళ్ళకు తిరిగే వేళ కనుక టికెట్లు ప్రియంగా ఉంటాయి, తర్వాతి రోజుల్లో దిగొచ్చు. పైగా శనివారం రాత్రి అక్కడే గడిపితే తక్కువకు వచ్చే ఛార్జీలు విమాన సంస్థల దగ్గర పాత రోజుల నుంచీ ఉన్నాయి. అలాంటప్పుడు మీరు ఉండిపోవడం కంపెనీకే లాభం, ఆ స్క్రీన్‌షాటే సాక్ష్యం.

ఇంకొకటి మీరు గమనించలేదనుకుంటాను. మూడు ఊళ్ళ ప్రయాణం కాబట్టి మధ్యలో రెండు వారాంతాలు పడతాయి. లండన్‌లో శుక్రవారం పని అయిపోయి, వియన్నాలో సోమవారం మొదలైతే, ఆ మూడు రాత్రులు ఎక్కడో ఒకచోట కంపెనీ ఖర్చు మీద ఉండాల్సిందే. శనివారం విమానం ఎక్కుతారా, ఆదివారం మధ్యాహ్నం ఎక్కుతారా అన్నది చాలా ఆఫీసుల్లో మీ ఇష్టానికే వదిలేస్తారు. అంటే లండన్‌కీ వియన్నాకీ మీరు సెలవు పెట్టే పనే లేదు. ఆ సెలవు మొత్తం చివరి ఊరికి దాచుకోండి.

సరదా రోజులు ఎప్పుడూ పనికి తర్వాతే పెట్టుకోవాలి, ముందు కాదు. ఈ మాట నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, సోమవారం ఒక పెద్ద యంత్రం పరీక్షకు వెళ్ళాలి. రెండు రోజులు ముందుగా దిగితే ఊరు చూడొచ్చనుకున్నాను. ఆదివారం రాత్రి ఒక పాత బార్లో పొద్దుపోయేదాకా కూర్చున్నాను. ఆరు గంటల కాల వ్యత్యాసానికి శరీరం ఇంకా సర్దుకోలేదు. పొద్దున్నే యంత్రం ముందు నిలబడి, ఎన్నోసార్లు చదివిన అంకెలు రెండుసార్లు తప్పు చెప్పాను. అవతలివాళ్ళు ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ పరీక్ష గది ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతుంది. ఆ బార్ ఎలా ఉందో మటుకు ఒక్క వివరం గుర్తులేదు, ఎందుకంటే కూర్చున్నంతసేపూ మనసు మర్నాటి మీదే ఉంది. పనికీ న్యాయం చేయలేదు, ఆ గదికీ చేయలేదు. అప్పటి నుంచి అప్పగింత కాగితం మీద సంతకం పడేదాకా పాత బార్ గుమ్మం తొక్కను.

శరీరం సంగతి లెక్కగా చెబితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కాల వ్యత్యాసం సర్దుకోవడానికి గంటకు దాదాపు ఒక రోజు పడుతుంది, తూర్పు వైపు ప్రయాణమైతే ఇంకా కష్టం. వియన్నా నుంచి సింగపూర్ వెళ్ళేటప్పుడు మీకు ఎదురయ్యేది అదే, ఆరేడు గంటల తేడా. మద్యం తాగి పడుకుంటే నిద్ర తొందరగా పట్టినట్టే ఉంటుంది కానీ రెండో సగం చెదిరిపోతుంది. మంచి బార్లో కలిపే ఒక మార్టినీలో 40 శాతం ఆల్కహాలున్న జిన్ 60 మిల్లీలీటర్లు పోశారనుకోండి, అందులో అసలు ఆల్కహాలు 24 మిల్లీలీటర్లు, అంటే 19 గ్రాములు. కాలేయం గంటకు సుమారు 10 మిల్లీలీటర్లు మాత్రమే కరిగించగలదు. ఒక్క గ్లాసు పూర్తిగా దిగడానికి రెండున్నర గంటలు కావాలి. పాత బార్లలో గ్లాసు చిన్నదిగా, అందంగా కనిపిస్తుంది. చూసి మోసపోకండి. నేను ఒక బార్లో ఒక్కటే తీసుకుంటాను, పక్కన నీళ్ళ గ్లాసు ఉండాలి.

డబ్బు విషయం తొందరగా చెప్పేస్తాను. హోటల్లో దిగేటప్పుడే కౌంటర్ దగ్గర రెండు బిల్లులు అడగండి, పని రోజులది ఒకటి, మీ రోజులది ఒకటి. సెలవు రోజులకు రోజువారీ భత్యం రాయకండి. బార్ బిల్లు ఎప్పుడూ సొంత కార్డు మీదే కట్టండి, పని రోజు సాయంత్రమైనా సరే, మొత్తం ఎంత చిన్నదైనా సరే. ఆఫీసు కార్డు మీద పడిన ఒక్క కాక్‌టెయిల్ బిల్లు, మీరు మర్నాడే తిరిగి కట్టేసినా, లెక్కల్లో ఉండిపోతుంది. మీరు భయపడుతున్న మాట పుట్టేది అక్కడే. నేనైతే ఆ సాయంత్రాలు ఆఫీసు కార్డు గదిలోనే వదిలి వెళ్తాను.

వీసా, బీమా కూడా ఇప్పుడే చూసుకోండి. బ్రిటన్ సందర్శకుల వీసా మీద వ్యాపార సమావేశాలూ పర్యటనా రెండూ చేయొచ్చు. వియన్నాకి కావలసిన షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు ఉమ్మడిగా ఇచ్చేది) అలా ఊరికే సరిపోతుందనుకోకండి. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు అన్నది అందరికీ తెలిసిన గరిష్ఠ పరిమితి, కానీ మీ స్టిక్కర్ మీద ఎన్ని రోజులు రాశారో అన్నే మీవి. దరఖాస్తులో కంపెనీ తేదీలు మాత్రమే ఇస్తే వాళ్ళూ అంతే ఇవ్వొచ్చు. అందుకని వియన్నా వారాంతం రోజులు కూడా మొదటే కలిపి రాయండి. కంపెనీ బీమా సాధారణంగా పని కోసం ఉన్న రోజులకే వర్తిస్తుంది. సొంత రోజులకు వర్తిస్తుందో లేదో హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడిగి, లేకపోతే ఆ కొద్ది రోజులకు వేరే పాలసీ తీసుకోండి. మద్యం మత్తులో జరిగిన ప్రమాదానికి డబ్బు చెల్లించబోమనే నిబంధన ప్రయాణ బీమాల్లో మామూలే. అది చదివి సంతకం చేయండి.

ఇక బార్లు. పాత బార్ అనగానే అందరూ మొదట అడిగేది "ఎన్నేళ్ళది?" అని. నా ఉద్దేశంలో అది సరిపోని ప్రశ్న. అక్కడ పాతది ఏమిటి అని అడగాలి: స్థలమా, గదా, పేరా? ఈ మూడూ ఒకేచోట ఉండటం అరుదు. లండన్ సదర్క్‌లోని జార్జ్ ఇన్ తీసుకోండి. 1676లో ఆ ప్రాంతమంతా తగలబడితే మరుసటి ఏడు తిరిగి కట్టారు. గుర్రపు బళ్ళు ఆగే వసారాల సత్రాల్లో లండన్‌లో మిగిలింది అదొక్కటే, ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ ఆస్తి. అక్కడ కట్టడమే చరిత్ర. న్యూయార్క్‌లోని ఫ్రాన్సెస్ టావెర్న్ అందుకు భిన్నం. 1783 డిసెంబరు 4న జార్జ్ వాషింగ్టన్ తన సైన్యాధికారులకు వీడ్కోలు చెప్పిన చోటు అదే, కానీ మీరు చూసే భవనంలో చాలా భాగం 1907లో పునర్నిర్మించినది. స్థలం పాతది, గోడలు కొత్తవి. పారిస్‌లోని హ్యారీస్ న్యూయార్క్ బార్ దీనికి తలకిందులు. 1911లో న్యూయార్క్‌లోని ఒక బార్ చెక్క పనితనాన్ని ఊడదీసి, ఓడలో తెచ్చి, పారిస్‌లో బిగించారు. గది సముద్రం దాటి వచ్చింది. చిరునామా ఫ్రెంచిలో పలకడం రాని అమెరికన్లు టాక్సీ డ్రైవరుకి చెప్పడానికి వీలుగా "శాంక్ రూ డో నూ" అని ఉచ్చారణే రాసి ప్రకటనలు వేయించారు. ఊరు తెలియని బాటసారి కోసం ఆలోచించిన ఆ ప్రకటన నాకు చాలా ఇష్టం.

ఈ తేడా తెలిసి వెళ్తే నిరాశ ఉండదు. సింగపూర్ రాఫెల్స్ హోటల్ లాంగ్ బార్ గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు కదా, అక్కడికే వర్తిస్తుంది ఇది. హోటల్ 1887 నాటిది. సింగపూర్ స్లింగ్ అనే పానీయాన్ని 1915లో అక్కడి బార్టెండర్ ఙియామ్ టోంగ్ బూన్ తయారు చేశాడని హోటల్ చెబుతుంది. ఆడవాళ్ళు నలుగురిలో మద్యం తాగడం మర్యాద కాదనుకునే రోజుల్లో, పండ్ల రసంలా కనిపించేలా గులాబీ రంగులో కలిపాడట. కానీ ఇప్పుడున్న లాంగ్ బార్ ఆయన నిలబడిన గది కాదు. 1991 నాటి పునరుద్ధరణలో వచ్చిన చోటు అది, తోటల యజమానుల బంగళాల తరహాలో అలంకరించారు. అక్కడ బతికున్నది అలవాటు. వేరుశనగ కాయలు ఒలిచి పొట్టు నేల మీదే పారేయడం, రోడ్డు మీద కాగితం ముక్క వేస్తే జరిమానా పడే ఊళ్ళో. ఆ అలవాటు కోసం వెళ్ళండి, 1915 నాటి గోడల కోసం కాదు. మధ్యాహ్నం తలుపు తెరిచిన వెంటనే వెళ్తే వరస తక్కువ. రాత్రి 10.30 నుంచి ఉదయం 7 దాకా బహిరంగ ప్రదేశాల్లో తాగడం 2015 నుంచి అక్కడ నిషేధం, కాబట్టి రాత్రి దుకాణంలో సీసా కొనుక్కుని నది ఒడ్డున కూర్చోవచ్చనే ఆలోచన పెట్టుకోకండి.

లండన్‌లో మీకు ఒక్క సాయంత్రమే దొరికితే సావోయ్ హోటల్లోని అమెరికన్ బార్‌కి వెళ్ళండి. లండన్‌లో, పారిస్‌లో, వియన్నాలో కూడా పాత బార్లకు అమెరికన్ బార్ అనే పేరెందుకని చాలామంది అడుగుతారు. ఐసు వేసి రకరకాల మద్యాలు కలిపి, కౌంటరు దగ్గరే అందించే పద్ధతి అమెరికా నుంచి వచ్చింది. ఆ పద్ధతిలో నడిచేవాటికి యూరప్‌లో ఆ పేరు స్థిరపడింది. సావోయ్‌లో 1903లో చేరి రెండు దశాబ్దాలు ప్రధాన బార్టెండరుగా ఉన్నది ఒక మహిళ, అడా కోల్‌మన్. నటుడు చార్లెస్ హాట్రీ బాగా అలిసిపోయి వచ్చి ఏదైనా ఘాటుగా ఇవ్వమంటే ఆమె జిన్, తీపి వెర్ముత్‌లో (మూలికలు కలిపిన వైన్) కొద్ది చుక్కలు ఫెర్నెట్ బ్రాంకా అనే చేదు మద్యం వేసి ఇచ్చింది. అదే హ్యాంకీ ప్యాంకీ. అక్కడికి వెళ్తే అదే అడగండి, చేదు మీకు పడితే. ఆమె తర్వాత పేరు తెచ్చుకున్న హ్యారీ క్రాడక్ 1920లో అమెరికాలో మద్యనిషేధం రావడంతో అట్లాంటిక్ దాటి వచ్చినవాడు. ఒక దేశం తలుపులు మూస్తే ఆ చేతిపని ఇంకో దేశంలో బతికింది. ఆ కౌంటరు ముందు కూర్చున్నప్పుడు నాకు ప్రతిసారీ ఇదే గుర్తొస్తుంది.

వియన్నాలోని లోస్ బార్ మాత్రం మీ మొత్తం ప్రయాణానికే తలమానికం. వాస్తుశిల్పి అడాల్ఫ్ లోస్ 1893 నుంచి మూడేళ్ళు అమెరికాలో ఉండి తిరిగొచ్చి, 1908లో కట్టాడు. గది మొత్తం 27 చదరపు మీటర్లు. మామూలు ఇంట్లో హాలంత. మహాగని చెక్క పలకల పైన, మనిషి తల కంటే ఎత్తులో అద్దాలు పెట్టాడు. అందుకే కూర్చున్నవాళ్ళ ముఖాలు వాటిలో కనిపించవు, పాలరాతి గళ్ళ పైకప్పు మాత్రం గోడ దాటి పక్క గదుల్లోకి సాగిపోతున్నట్టు కనిపిస్తుంది. నేను యంత్రాల మనిషిని, కొలతలు చూసి ఆశ్చర్యపోవడం నా వృత్తి కాదు. అయినా మొదటిసారి అక్కడ కూర్చున్నప్పుడు గది ఇంతే అని నమ్మడానికి లేచి గోడ దాకా నడిచాను. స్థలం, గది రెండూ దాదాపు చెక్కుచెదరకుండా ఉన్న అరుదైన చోటు అది. చిన్నది కాబట్టి రాత్రి తొమ్మిది తర్వాత నిలబడటానికి కూడా చోటుండదు. తెరిచిన అరగంట లోపల వెళ్ళండి.

అసలు ఏ పాత బార్‌కైనా నేను చెప్పే సమయం అదే. తెరిచిన తొలి గంట, వీలైతే వారం మొదట్లో. ఆ వేళ వెలుతురు ఇంకా కిటికీలోంచి వస్తుంటుంది, చెక్క మీద గీతలు, నేల అరిగిన చోట్లు కనిపిస్తాయి, బార్టెండరుకి మాట్లాడే తీరిక ఉంటుంది. బల్ల దగ్గర కాదు, కౌంటరు దగ్గర కూర్చోండి, ఒంటరిగా వెళ్ళినవాళ్ళ చోటు అదే. అక్కడ ఒంటరితనం వింతగా ఉండదు, ఎదురుగా ఎప్పుడూ చేతులు కదులుతూ పని జరుగుతుంటుంది. ఐసు ఎలా కోస్తున్నారో, ఏ సీసా చేతికందేంత దగ్గర పెట్టుకున్నారో చూస్తూ గంట గడిపేయొచ్చు. హోటల్ బార్లకు చెప్పులు, పొట్టి లాగులు పనికిరావు. పని కోసం తెచ్చుకున్న చొక్కా, బూట్లు సరిపోతాయి. కొన్ని పాత బార్లలో కార్డు తీసుకోరు, కాస్త నగదు ఉంచుకోండి. ఫోటో తీసేముందు అడగండి, పక్కన కూర్చున్నవాళ్ళు రాకుండా తీయండి.

మద్యం ముట్టనివాళ్ళు కూడా వెళ్ళొచ్చా అని మీ ప్రశ్న కింద ఇంకొకరు అడిగారు. నిస్సంకోచంగా వెళ్ళొచ్చు. ఆల్కహాలు లేనిది కావాలని ముందే చెప్పండి, మంచి బార్టెండరు దాన్నీ శ్రద్ధగానే చేస్తాడు. ఒక్కటి గుర్తుంచుకోండి. సోడాలో బిటర్స్ (మూలికలు నానబెట్టిన చేదు ద్రవం) వేసి మద్యం లేని పానీయంగా ఇచ్చే అలవాటు చాలాచోట్ల ఉంది. అంగోస్టురా బిటర్స్‌లో 44.7 శాతం ఆల్కహాలు ఉంటుంది. చుక్కలే అయినా, పూర్తిగా దూరంగా ఉండేవాళ్ళు అది వద్దని చెప్పాలి.

క్లయింట్లను అక్కడికి తీసుకెళ్ళాలా అంటే, వద్దు. తాగుతారో లేదో తెలియనివాళ్ళను బార్‌కి పిలిస్తే కాదనలేని ఇబ్బందిలో పెట్టినట్టే. సహోద్యోగుల్లోనూ ఇష్టం ఉన్నవాళ్ళు ఒకరిద్దరైతే సరే. పది మందిని వెంటేసుకుని వెళ్తే ఆ చిన్న గదిలో మన గోలే మిగులుతుంది. ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్ళడం గురించి మీ సహోద్యోగిని తరఫున అడిగారు. హోటల్ బార్లూ, కౌంటరు సీట్లూ, సాయంత్రపు తొలి గంటా ఆమెకు కూడా నేను చెప్పేవే. గ్లాసు కళ్ళ ముందే ఉండాలి, తిరుగు దారి ముందే చూసుకోవాలి. న్యూయార్క్‌లోని మెక్‌సోర్లీస్ అనే బార్ తన పుట్టుకను 1854గా చెప్పుకుంటుంది, 1970 దాకా ఆడవాళ్ళను లోపలికి రానివ్వలేదు. కోర్టు తీర్పు వచ్చాక తలుపు తెరిచారు. పాత బార్ల చరిత్రలో ఇదీ ఉంది. అలాంటి చోట ఇవాళ ఒక స్త్రీ దర్జాగా కౌంటరు దగ్గర కూర్చుని ఉంటే నాకు సంతోషంగా ఉంటుంది.

బార్టెండరుతో ఏం మాట్లాడాలి అన్నారు. నేను ఎక్కడికెళ్ళినా ఒకే ప్రశ్న అడుగుతాను: "ఇక్కడ ఇప్పటిదాకా మారనిది ఏదైనా చూపిస్తారా?" ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో క్రౌన్ లిక్కర్ సెలూన్ అనే పాత బార్ 1978 నుంచి నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉంది. అక్కడ తలుపులున్న చిన్న చెక్క అరలు పది ఉన్నాయి. గ్యాసు దీపాలు ఇంకా వెలుగుతాయి. ఒక మంగళవారం మధ్యాహ్నం, పని అప్పగించేసి, అదే ప్రశ్న అడిగాను. బార్టెండరు చేతులు తుడుచుకుని, కౌంటరు వదిలి వచ్చి, ఖాళీగా ఉన్న ఒక అర తలుపు తీశాడు. లోపల గోడకు చిన్న లోహపు పలక. అగ్గిపుల్లలు గీసుకోవడానికి ఆ రోజుల్లో బిగించినదట. వేలితో తడిమి చూడమన్నాడు. మధ్యలో గరుకు అరిగిపోయి నున్నగా ఉంది.